సింగపూర్‌ని మేడల కింద నిలబడి చూస్తే

సింగపూర్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. రోడ్డు మీద కాగితం ముక్క కనపడదు, హారన్ వినపడదు, ఉమ్మితే జరిమానా, చూయింగ్ గమ్ అమ్మరు. ఆఖర్న ఇచ్చే తీర్పూ ఒకటే: "అక్కడ రూల్స్ గట్టివి, జనానికి భయం ఉంది. మనకి లేదు, అందుకే ఇలా ఉన్నాం."

ఈ తీర్పు నాకు మింగుడు పడదు. జరిమానాలున్న మాట నిజమే, గమ్ అమ్మకాన్ని 1992లో నిషేధించిన మాటా నిజమే. కానీ జరిమానాకి భయపడి ఒక చైనా కుటుంబం, ఒక మలయ్ కుటుంబం, ఒక తమిళ కుటుంబం ఒకే వరండాలో ఏళ్ళ తరబడి పక్కపక్కన కాపురం చెయ్యవు. ప్రపంచంలోనే ఖరీదైన ఊళ్ళలో ఒకటని పేరున్న చోట నాలుగైదు సింగపూర్ డాలర్లకి కడుపు నిండా భోజనం దొరకడానికీ జరిమానాలకీ ఏ సంబంధమూ లేదు. అక్కడ తిరిగిన కొద్దీ నాకు తెలిసొచ్చిందేమిటంటే, చూడ్డానికి వచ్చినవాళ్ళకి జనం అలవాట్లుగా కనిపించేవాటిలో చాలావాటి వెనక భూమి గురించి, ఇంటి గురించి అరవై ఏళ్ళ కింద తీసుకున్న నిర్ణయాలున్నాయి. వాటిలో మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి, కఠినమైనవి ఉన్నాయి, ఇప్పటికీ అన్యాయంగా అనిపించేవీ ఉన్నాయి.

ఇది మనకి కాస్త ఎక్కువగా పట్టాల్సిన సంగతి. 2015లో అమరావతికి మాస్టర్ ప్లాన్ గీసిచ్చింది సింగపూర్ సంస్థలే. రాజధాని నడిబొడ్డు ప్రాంతాన్ని కట్టడానికి ముందుకొచ్చిన సింగపూర్ కంపెనీల ఒప్పందం 2019 నవంబరులో రద్దయింది. ఆ రోజుల్లో "సింగపూర్ లాంటి రాజధాని" అనగానే అందరి కళ్ళ ముందూ మెరీనా బే ఒడ్డున మూడు టవర్ల నెత్తిన పడవ పెట్టినట్టుండే హోటలే కదలాడేది. సింగపూర్ జనం ఉండేది అక్కడ కాదు. ఆ దేశస్థుల్లో ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలో ఉంటారు. వాటిని కట్టే సంస్థని అందరూ హెచ్‌డీబీ అంటారు. సింగపూర్ అర్థం కావాలంటే మెట్రో ఎక్కి తోవా పాయోలోనో, క్వీన్స్‌టౌన్‌లోనో, అంగ్ మో కియోలోనో దిగాలి.

అక్కడ ముందుగా కంటపడేది మేడ కింద వదిలేసిన ఖాళీ. చాలా బ్లాకుల్లో నేల అంతస్తులో ఇళ్ళుండవు, వరసగా స్తంభాలే ఉంటాయి. దాన్ని వాళ్ళు వాయిడ్ డెక్ అంటారు. గోడవారన పోస్టు డబ్బాలు, పక్కనే సైకిళ్ళు, మధ్యలో చదరంగం గళ్ళు గీసిన రాతి బల్ల. ఆ బల్ల చుట్టూ బనీన్లు, నిక్కర్లు వేసుకున్న నలుగురైదుగురు పెద్దాయనలు. ఇద్దరు ఆడుతుంటే మిగిలినవాళ్ళు ఎత్తులు చెబుతుంటారు. తల పైకెత్తితే ప్రతి అంతస్తు నుంచీ గెడలు బయటికి చాచి, వాటికి బట్టలు ఆరేసి ఉంటాయి. శనివారం అదే చోట మలయ్ వాళ్ళ పెళ్ళి జరగొచ్చు: రంగు గుడ్డలు కట్టి, బిర్యానీ వండించి, వందలమందికి వడ్డిస్తారు. ఇంకో వారం అక్కడే చైనా కుటుంబం తమ పెద్దాయన శవపేటికని ఉంచి మూడు నుంచి ఏడు రోజులు జాగారం చేస్తుంది. పెళ్ళయినా చావయినా లిఫ్ట్ కోసం వచ్చేవాళ్ళంతా దాని పక్క నుంచే నడవాలి. ఇరుగుపొరుగు కష్టసుఖాలు తెలియకుండా ఉండే వీలు లేదు.

ఈ మేడలు రాకముందు అక్కడి జనంలో ఎక్కువమంది కాంపోంగ్‌లనే చెక్క ఇళ్ళ పల్లెల్లో, ఊరి మధ్యలో ఇరుకు కొట్లపై గదుల్లో ఉండేవాళ్ళు. హెచ్‌డీబీ 1960 ఫిబ్రవరిలో మొదలైంది. మరుసటి ఏడాది మే 25న బుకిత్ హో స్వీ అనే పేటలో నిప్పంటుకుని దాదాపు 16 వేలమంది ఇళ్ళు పోగొట్టుకున్నారు. కాలిన ఆ నేల మీదే ఏడాది తిరక్కుండా తొలి ఫ్లాట్లు లేచాయి. కొత్త సంస్థ మాట మీద జనానికి గురి కుదిరింది అప్పుడే.

అయితే ఇళ్ళు కట్టడానికి భూమి కావాలి. మనం తరచూ దాటేసే అధ్యాయం ఇక్కడుంది. 1966లో భూసేకరణ చట్టం తెచ్చారు. ప్రజావసరమని ప్రభుత్వం ప్రకటిస్తే చాలు, ఇవ్వనని చెప్పే దారి లేదు. 1973లో దాన్ని సవరించి పరిహారాన్ని ఆ ఏడాది నవంబరు 30 నాటి ధరకి మించకుండా కట్టేశారు. ఆ తేదీని తర్వాత కొన్నిసార్లు జరిపారు గానీ, పూర్తి మార్కెట్ ధర ఇవ్వడం మాత్రం 2007లోనే మొదలైంది. ఇవాళ ఆ దేశపు నేలలో సుమారు 90 శాతం ప్రభుత్వానిదే. పందులు, కోళ్ళు పెంచుకునేవాళ్ళు, కూరగాయలు పండించేవాళ్ళు, తాతలనాటి కొట్లున్నవాళ్ళు తక్కువ పరిహారం పుచ్చుకుని పదో అంతస్తుకి చేరారు. అమరావతిలో 29 గ్రామాల రైతులు భూసమీకరణ కింద పొలాలిచ్చి, బదులుగా అభివృద్ధి చేసిన స్థలాలకి ఒప్పందం రాయించుకున్నారు. సింగపూర్ రైతుకి అలాంటి బేరం దొరకలేదు. ఆ ఊరి నమూనా గురించి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి కూడా చెప్పి తీరాలి.

తక్కువకి తీసుకున్న నేల మీద కట్టారు కాబట్టి ఫ్లాటు ధర జీతగాళ్ళకి అందింది. కొనుక్కునే పథకం 1964లో వచ్చింది. దాన్ని నిలబెట్టింది మాత్రం 1968లో చేసిన మార్పు. మన పీఎఫ్ లాంటి నిధి వాళ్ళకీ ఉంది, పేరు సీపీఎఫ్. ఇప్పటి లెక్కలో 55 ఏళ్ళలోపు ఉద్యోగి జీతంలో 20 శాతం, యజమాని 17 శాతం అందులో వేస్తారు. ఆ డబ్బుతో ఇంటి వాయిదా కట్టుకోవచ్చన్నారు. చేతికొచ్చే జీతం ముట్టకుండానే చాలామందికి ఇంటి అప్పు తీరిపోతుంది. ప్రభుత్వ ఫ్లాట్లలో ఉండేవాళ్ళలో పదికి తొమ్మిదిమంది సొంతదారులే కావడానికి కారణం ఇదే. మనిషికి సొంత ఇల్లుంటే ఆ పేట మీద పట్టింపు పుడుతుంది. లిఫ్ట్ పాడైతే అడుగుతాడు, మెట్ల మీద చెత్త పడితే ఊరుకోడు. శుభ్రతకి నేను వెతుక్కున్న కారణాల్లో దీనికే మొదటి స్థానం ఇస్తాను. ఊడ్చేవాళ్ళు పొద్దున్నే లేచి రోజూ ఊడుస్తారన్నది రెండోది. జరిమానా ఆ తర్వాతే వస్తుంది.

"సొంతం" అన్నాను గానీ అది 99 ఏళ్ళ లీజు. గడువు తీరాక ఇల్లు మళ్ళీ ప్రభుత్వానికే పోతుంది. ఇల్లంటే మనవల దాకా మిగలాలనుకునే మనకి ఇది చప్పున ఎక్కదు. వాళ్ళకీ ఎక్కలేదనే అనిపిస్తుంది, ఎందుకంటే పాత ఫ్లాట్లని ఎలాగూ ప్రభుత్వమే మంచి ధరకి తీసుకుని కొత్తవి ఇస్తుందన్న నమ్మకం మీద ఎంతోమంది ఎక్కువ డబ్బు పోసి కొన్నారు. అన్ని పాత ఫ్లాట్లకీ ఆ భాగ్యం ఉండదని 2017లో ప్రభుత్వం తేల్చి చెప్పాక పెద్ద చర్చే నడిచింది. హెచ్‌డీబీ ఫ్లాట్లకి ఆ గడువు ఇంకా రాలేదు. కానీ గేలాంగ్‌లో 60 ఏళ్ళ లీజు మీదున్న 191 ప్రైవేటు ఇళ్ళకి వచ్చేసింది. 2020 డిసెంబరు 31తో లీజు ముగిసి, ఆ ఇళ్ళన్నీ పరిహారం లేకుండా ప్రభుత్వపరమయ్యాయి.

ఇక పక్కింట్లో ఎవరుండాలన్నది. 1964లో సింగపూర్‌లో చైనీయులకీ మలయ్ వాళ్ళకీ మధ్య గొడవలు జరిగి ప్రాణాలు పోయాయి. కొత్త పేటల్లోనూ జనం తమవాళ్ళున్న చోటికే చేరడం చూసి 1989 మార్చిలో ప్రభుత్వం ఒక హద్దు గీసింది. ఒక్కో బ్లాకులో చైనీయులు 87 శాతం, మలయ్ వాళ్ళు 25 శాతం దాటకూడదు. భారతీయులు, ఇతరుల హద్దు మొదట 13 శాతం, 2010లో 15 చేశారు. పేట మొత్తానికి ఇంకొంచెం తక్కువ హద్దు. ఈ లెక్కలో తెలుగువాళ్ళు పడేది చివరి పెట్టెలోనే. మీరు ఫ్లాటు కొనబోతే ఆ బ్లాకులో మీ కోటా నిండిందో లేదో హెచ్‌డీబీ చూస్తుంది. నిండితే మీ వర్గంవాళ్ళే అమ్ముతున్న ఫ్లాటు చూసుకోవాలి, లేదా ఇంకో బ్లాకు వెతుక్కోవాలి.

సందర్శకులు చూసి మురిసిపోయే దృశ్యాలు దీని నుంచే వచ్చాయి: ఒక వరండాలో గుమ్మానికి మామిడి తోరణం, పక్క తలుపు మీద అరబిక్ అక్షరాలు, దాని పక్కన ఎర్రటి చిన్న పీఠం మీద అగరొత్తులు. నాకూ ముచ్చటేసింది. కానీ దీనికి మూల్యం ఎక్కువగా చెల్లించేది అల్పసంఖ్యాకులే. చైనీయుల కోటా నిండిన బ్లాకులో ఉన్న భారతీయుడు తన ఫ్లాటుని చైనా కొనుగోలుదారుకి అమ్మే వీలుండదు, చైనీయులు కానివాళ్ళే కొనాలి. కొనేవాళ్ళు తక్కువైతే ధర దిగుతుంది, నెలల తరబడి ఆగాలి. ఇది నిజమైన ఇబ్బందేనని ప్రభుత్వమూ ఒప్పుకుని, 2022లో అలా చిక్కుకున్నవాళ్ళ ఫ్లాట్లని తనే కొనే వెసులుబాటు తెచ్చింది. మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం భారం అందరి మీదా సమానంగా పడకపోవడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ నేను చూడలేదు. అయినా కోటా ఎత్తేస్తే పేటలు మళ్ళీ ఎవరికి వారుగా విడిపోతాయన్న భయం కూడా కొట్టిపారేయదగ్గది కాదు. హైదరాబాద్‌లో, విజయవాడలో పేరు చెప్పగానే అద్దెకిల్లు దొరకని మనుషులు ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు.

తిండి దగ్గరికొద్దాం. దాదాపు ప్రతి పేటలోనూ ఒక హాకర్ సెంటర్ ఉంటుంది. మీద కప్పు, పక్కలకి గోడలుండవు, పైన పంకాలు తిరుగుతుంటాయి. చుట్టూ చిన్న చిన్న కొట్లు, మధ్యలో నేలకి బిగించిన బల్లలు. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్లో పొద్దున్న ఏడింటికి కాఫీ కొట్టు ముందు నిలబడి చూశాను. కొట్టాయన పొడవాటి గుడ్డ సంచీలో కాఫీ పొడి వేసి, సన్న మూతి పాత్రతో మరిగే నీళ్ళు పోసి, డికాక్షన్‌ని ఒక పాత్ర నుంచి ఇంకోదానికి ఎత్తి పోస్తున్నాడు. కప్పు అడుగున తీపి గట్టిపాలు ముందే వేసి ఉంచాడు. మామూలు కోపీ అంటే ఆ గట్టిపాలదే, ఓ అంటే పాలు లేనిది, సి అంటే తీపి లేని డబ్బాపాలు పోసి చక్కెర వేసేది, కోసోంగ్ అంటే చక్కెర వద్దని. వరసలో ఉన్నవాళ్ళు ఇవన్నీ కలిపి మూడు ముక్కల్లో చెప్పేస్తున్నారు, ఆయన తల ఎత్తకుండానే పోసిస్తున్నాడు. ఆ గింజల్ని చక్కెర, వెన్న లాంటివి వేసి నల్లగా వేయిస్తారు కాబట్టి రుచి మన ఫిల్టర్ కాఫీకి దూరంగా, కాస్త మాడువాసనతో ఉంటుంది. నాకు నచ్చింది. బల్ల మీద ఎవరిదో రుమాలు కాగితాల పొట్లం ఒంటరిగా పెట్టి ఉంటే అది ఆ చోటు తమదని పెట్టిన గుర్తు, దాన్ని ఎవరూ కదిలించరు.

ఈ కొట్లు ఒకప్పుడు రోడ్డు మీద తోపుడు బళ్ళే. 1968-69లో సర్వే చేసి దాదాపు 18 వేలమంది వీధి వ్యాపారులకి లైసెన్సులిచ్చారు. 1971 నుంచి 1986 దాకా నీళ్ళ పైపు, మురుగు కాలువ, కరెంటు ఉన్న కేంద్రాలు కట్టి వాళ్ళని అందులోకి మార్చారు. మన ఊళ్ళలో ట్రాఫిక్‌కి అడ్డమని బళ్ళు ఎత్తుకెళ్ళడం చూసి చూసి ఉన్నాను కాబట్టి నాకు ఇది ఎంతో విలువైన పనిగా తోచింది. వాళ్ళు బండిని తీసెయ్యక ముందే ఆ మనిషికి చోటు చూపించారు. తొలితరం వాళ్ళకి అద్దె బాగా తగ్గించి ఇవ్వడం వల్లే హైనాన్ కోడి అన్నం, నాసీ లెమాక్, రోటీ ప్రాటా ఇప్పటికీ మామూలు మనిషికి అందుబాటులో ఉన్నాయి. పనిచేసి అలసిపోయి ఇంటికొచ్చేవాళ్ళలో చాలామంది వండుకోకుండా ఇక్కడే తినేసి లిఫ్ట్ ఎక్కుతారు. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. దేశంలో ఇప్పుడు 110కి పైగా ఇలాంటి కేంద్రాలున్నాయి.

తిన్న పళ్ళెం తిరిగి అరలో పెట్టకపోతే చర్య తీసుకోవడం మొదలైంది 2021 సెప్టెంబరులో. అంటే దశాబ్దాల పాటు ఆ "క్రమశిక్షణ గల" జనం కూడా పళ్ళేలు బల్ల మీదే వదిలి వెళ్ళారు. పెట్టే అరలు కూడా రెండు రకాలు, హలాల్ పళ్ళేలకి వేరుగా. ఒకే బల్ల దగ్గర పంది మాంసం తినేవాళ్ళూ తిననివాళ్ళూ కూర్చోగలగడానికి ఇలాంటి చిన్న ఏర్పాట్లు చాలా పనిచేస్తాయి.

ఇక్కడా దిగులు పడాల్సిన సంగతి ఉంది. కొట్లు నడిపేవాళ్ళ సగటు వయసు 60కి అటూ ఇటూ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పన్నెండు గంటలు పొయ్యి ముందు నిలబడే పనికి వాళ్ళ పిల్లలు రారు. ధర పెంచితే జనం గొణుగుతారు, పెంచకపోతే కొట్టాయనకి గిట్టదు. చౌక భోజనాన్ని ఊరంతా హక్కుగా చూస్తున్నప్పుడు ఆ చౌకదనాన్ని తన ఒంటి మీద మోసేది వండే మనిషి.

కార్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అక్కడ కారు కొనే ముందు కారు ఉంచుకునే హక్కు కొనాలి. 1990లో మొదలైన ఆ సర్టిఫికెట్ పదేళ్ళకే చెల్లుతుంది, వేలంలో పాడుకోవాలి. 2023లో చిన్న కార్లకే అది లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. అందుకే మంచి జీతగాళ్ళు కూడా మెట్రోలో నిలబడి వెళ్తారు. హారన్లు వినపడకపోవడానికి మర్యాద కొంత కారణమైతే, కార్లే తక్కువ కావడం ఇంకా పెద్ద కారణం.

ఇంతవరకూ చెప్పిందంతా ఆ దేశస్థుల బతుకు. మన తెలుగువాళ్ళు ఈ లెక్కలో ఎక్కడున్నారన్నది వేరే ప్రశ్న. ఐటీలో, బ్యాంకుల్లో ఉన్నవాళ్ళు అద్దె ఫ్లాట్లలో బాగానే ఉంటారు. సింగపూర్ తెలుగు సమాజం ఉగాది, సంక్రాంతి ఘనంగా చేస్తుంది. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, కరివేపాకు నుంచి గోంగూర దాకా దొరుకుతాయి. బళ్ళో మాత్రం పిల్లలు మాతృభాష కింద తెలుగు తీసుకోలేరు. తమిళం అక్కడి అధికార భాషల్లో ఒకటి. హిందీ, పంజాబీ, గుజరాతీ, బెంగాలీ, ఉర్దూలకి అనుమతి ఉంది. తెలుగు ఆ జాబితాలో లేదు కాబట్టి మన పిల్లలు తమిళమో హిందీయో చదువుతారు, తెలుగు ఇంట్లోనూ ఆదివారం తరగతుల్లోనూ నిలవాలి.

వాళ్ళ సంగతి అలా ఉంచితే, భవనాలు కట్టే పనిలో, ఓడల మరమ్మతు యార్డుల్లో ఉన్న వర్క్ పర్మిట్ కూలీలున్నారు. ఎక్కువమంది తమిళనాడు, బంగ్లాదేశ్ నుంచి, కొందరు మన జిల్లాల నుంచి. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియా పచ్చిక మీద గుంపులుగా కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేసుకుంటూ కనిపిస్తారు. నేను పైన వివరించిన ఇల్లు, నిధి, కోటా ఏవీ వీళ్ళకి వర్తించవు. భార్యాపిల్లల్ని తెచ్చుకునే వీలు లేదు. సింగపూర్ మనిషిని పెళ్ళాడాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఉండేది ఊరి అంచున డార్మిటరీల్లో. 2020లో కరోనా వచ్చినప్పుడు ఒక్కో గదిలో పన్నెండు, పదహారు మంది ఉన్న ఆ డార్మిటరీల నుంచే దేశం మొత్తం కేసుల్లో 90 శాతానికి పైగా వచ్చాయి. అప్పుడు గానీ వాళ్ళెలా ఉంటున్నారో చాలామంది సింగపూర్ వాళ్ళకే తెలియలేదు. తర్వాత కట్టేవాటికి గదికి పన్నెండుమంది మించకూడదని నియమం పెట్టారు. కారులో సీటు బెల్టు తప్పనిసరైన ఆ దేశంలో కూలీలని లారీ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళడం ఇంకా చట్టబద్ధమే. దాన్ని ఆపాలని అక్కడి పౌరులే గట్టిగా అడుగుతున్నారు.

మీ ఊరి నుంచి ఎవరైనా ఆ పనికి వెళ్తుంటే రెండు విషయాలు చెప్పండి. బయల్దేరే ముందు సింగపూర్ కార్మిక శాఖ ఇచ్చే ముందస్తు అనుమతి పత్రం కూలీ చేతికి రావాలి, అందులో మూల జీతం, కోతలు స్పష్టంగా రాసుంటాయి. ఏజెంటు నోటితో చెప్పిన జీతం ఆ కాగితంలో లేకపోతే విమానం ఎక్కకూడదు. అక్కడి చట్టం ప్రకారం సింగపూర్ ఏజెన్సీ కూలీ దగ్గర రెండు నెలల జీతానికి మించి ఫీజు తీసుకోకూడదు. కానీ ఇక్కడ మన ఊళ్ళో గుంజేదానికి ఆ హద్దు లేదు, అప్పులపాలయ్యేది ఇక్కడే. వెళ్ళాక జీతం ఆగినా, గాయపడినా టీడబ్ల్యూసీ2, హోమ్ అనే స్వచ్ఛంద సంస్థలు సాయం చేస్తాయి. ఆ పేర్లు ఫోనులో రాసి పెట్టుకుని వెళ్ళమనండి.